కారు లోపలికి నీళ్లు వస్తున్నాయా? సిలికాన్ ట్యూబ్ కొనే ముందు ఇది చూడండి

నమస్కారం అండీ. వానాకాలం వచ్చిందంటే ఎక్కువమంది అడిగేది ఒకటే: "కార్లో కాళ్ల దగ్గర తడి ఉంటోంది, ఏం కొట్టించాలి?" దీనికోసం జనం కొనేవి మూడూ ఇక్కడ టేబుల్ మీద పెట్టాను. సిలికాన్ సీలెంట్ ట్యూబ్, నల్లగా జిగురుగా ఉండే బ్యూటైల్ టేప్, సన్‌రూఫ్ డ్రెయిన్లు శుభ్రం చేసే పొడవాటి నైలాన్ బ్రష్. ఏది దేనికి పనికొస్తుందో చెప్తాను. అయితే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలకుండా మాత్రం మూడింట్లో ఏదీ కొనొద్దు. తడి కనిపించిన చోటే లీకు ఉందనుకుంటే డబ్బులు దండగ. సన్‌రూఫ్ మూలలో దిగిన నీరు రూఫ్‌ని మోసే పిల్లర్ (డోర్ పక్క స్తంభం) లోపల నుంచి జారి కార్పెట్ కిందికి చేరుతుంది. మీకు కనబడేది మాత్రం కాళ్ల దగ్గర తడి.

ముందు ఒకటి గమనించండి. తడి వాన పడ్డాక వస్తోందా, ఏసీ వేశాక వస్తోందా? ఎండ మండిపోతున్న రోజు కూడా డ్రైవర్ పక్క సీటు ముందు తడి ఉందంటే అది వాన నీరు కాదు. ఏసీ కాయిల్ మీద గాల్లోని తేమ నీరుగా మారుతుంది, ఆ నీరు ఒక చిన్న రబ్బరు పైపు గుండా కారు కిందికి కారిపోవాలి. వైజాగ్, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఈ నీరు ఎక్కువే వస్తుంది. పైపులో దుమ్ము, ఆకు ముక్కలు అడ్డుపడితే నీరు వెనక్కి తిరిగి లోపలికి పొంగుతుంది. పరీక్ష చాలా తేలిక. ఇరవై నిమిషాలు ఏసీ వేసి, బండి ఆపి, కింద చూడండి. ఉక్కపోత రోజున కూడా కింద చుక్క పడకపోతే పైపు మూసుకుపోయినట్టే. కింది నుంచి మెత్తని నైలాన్ తీగ పెట్టి నెమ్మదిగా ఆడిస్తే చాలు. ఇనుప తీగ మాత్రం వద్దు, లోపల కాయిల్‌కి తగిలితే చిన్న పని కాస్తా పెద్దదవుతుంది.

ఇంకో సంగతి. ఆ తడిని వేళ్లతో రుద్ది చూడండి. జిగటగా ఉండి, తియ్యటి వాసన వచ్చి, ముందు అద్దం లోపలి వైపు నూనె పూసినట్టు మసక కమ్ముతుంటే అది నీరు కాదు, కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. లోపలికి వేడి గాలి ఇచ్చే హీటర్ కోర్ కారుతోంది. బానెట్ తెరిచి కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గిందేమో చూడండి. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, చేతులు కడుక్కోండి, పిల్లల్ని ఆ కార్పెట్ మీద ఆడనివ్వకండి. ఈ పని మెకానిక్‌కే వదిలేయండి.

ఇక వాన నీటి సంగతి. చెట్టు కింద కారు పెట్టేవాళ్లు ముందు వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ కవర్ దగ్గర చూడాలి. దగ్గర నుంచి చూపిస్తున్నాను, చూడండి. ఇవన్నీ తురాయి ఆకులు, గోరంత కూడా లేవు. కవర్ జాలీలోంచి సులువుగా దూరిపోయి, కింద మట్టితో కలిసి ముద్దగా మారి, నీరు పోయే రంధ్రాన్ని మూసేశాయి. నీరు తొట్టిలో నిలిచినట్టు నిలిచి, మట్టం పెరిగి, బ్లోవర్‌కి (ఏసీ ఫ్యాన్‌కి) గాలి వెళ్లే దారిలోంచి లోపలికి వస్తుంది. ఏసీ ఫిల్టర్ బయటికి తీసి చూడండి, అది తడిగా ఉంటే చాలావరకు దారి ఇదే. ఆకులు చేత్తో తీసి ఒక మగ్గు నీళ్లు పోస్తే పని అయిపోతుంది. పైసా ఖర్చు లేదు.

సన్‌రూఫ్ ఉన్నవాళ్లకి ఒక మాట. చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు, ఆపాల్సిన పని కూడా లేదు. దిగిన నీరు చుట్టూ ఉన్న గాడిలో పడి, మూలల్లోని సన్నని గొట్టాల ద్వారా బయటికి పోయేలా డిజైన్ చేస్తారు. అందుకే ఆ రబ్బరుకి సిలికాన్ పూయడం వృథా. సన్‌రూఫ్ తెరిచి, మూలలో చిన్న గ్లాసుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోసి, కింద చక్రం పక్కన కారుతోందో లేదో చూడండి. కారకపోతే ఈ నైలాన్ బ్రష్ వాడండి. నాకు బాగా నచ్చిన వస్తువు ఇదే. పంక్చర్ షాపు గాలి పైపు పెట్టి గట్టిగా కొట్టించొద్దు, లోపల గొట్టం ఊడితే రూఫ్ లైనింగ్ దింపాల్సి వస్తుంది.

డోర్ల దగ్గర చాలామంది పొరపడతారు. వాన పడితే అద్దం పక్క నుంచి డోర్ లోపలికి నీరు దిగడం మామూలే, అది అడుగున ఉన్న రంధ్రాల్లోంచి పోతుంది. డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు కవర్) వెనక అంటించి ఉండే ప్లాస్టిక్ షీటే దాన్ని క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది. స్పీకర్లు వేయించినప్పుడో, పవర్ విండో మోటార్ మార్పించినప్పుడో ఆ షీట్ చిరిగినా, సరిగా అంటించకపోయినా నీరు గడప మీదుగా కార్పెట్‌లోకి వస్తుంది. ఇక్కడ బ్యూటైల్ టేప్‌కి నా ఓటు. రేపు మళ్లీ ప్యాడ్ తీయాల్సి వచ్చినా ఊడదీసి, తిరిగి అంటించుకోవచ్చు. డిక్కీలో స్టెప్నీ గుంటలో నీళ్లుంటే టెయిల్ ల్యాంప్ వెనక ఉండే గ్యాస్కెట్, డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ చూడండి.

ఇవేవీ కాకపోతే నీళ్ల పైపుతో పరీక్ష చేయాలి. ఒకరు లోపల టార్చ్‌తో కూర్చోవాలి, ఇంకొకరు బయట తక్కువ ధారతో నీళ్లు పట్టాలి. కింది నుంచి పైకి, ఒక్కో చోట నాలుగైదు నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదా పారుతుంది, ఏ చోటు కారిందో తెలియదు. అనుమానం ఉన్న అంచుల వెంట లోపల టిష్యూ పేపర్ దోపండి, మొదట తడిసిన టిష్యూయే దారి చూపిస్తుంది. వాటర్ సర్వీసింగ్‌లో వాడే ప్రెషర్ గన్ దీనికి పనికిరాదు, ఆ వేగానికి మంచి రబ్బరు కూడా కారుతుంది.

ముందు అద్దం అంచు నుంచి కారుతుంటే, ముఖ్యంగా అద్దం మార్పించాక, పైన సిలికాన్ పూసి సరిపెట్టుకోకండి. అద్దాన్ని పట్టి ఉంచేది పాలీయురేథేన్ జిగురు. సిలికాన్ మరక మీద అది సరిగా పట్టదు, రేపు సరైన పని చేయించాలన్నా కష్టమే. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ అయితే పెయింట్ పోయిన ఇనుముకి తుప్పు కూడా పట్టిస్తుంది. ఈ ట్యూబ్‌ని కారు పనికి నేను సిఫారసు చేయను.

లీకు ఆపాక ఆరబెట్టడం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కార్పెట్ పైన పొడిగా ఉన్నా కింద ఉన్న ఫోమ్ నీటిని పీల్చుకునే ఉంటుంది. వాసన, తుప్పు, సీటు కింద కనెక్టర్లు చెడిపోవడం, అన్నీ అక్కడి నుంచే. కార్పెట్ ఎత్తి, కింద చెక్క ముక్కలు పెట్టి, ఫోమ్ పిండినా నీరు రాకుండా అయ్యేదాకా ఎండకి వదలండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్ట్‌లవి, వాటిని మీరు ఊడదీయొద్దు. కార్పెట్ వెంటనే బిగించేయకుండా, ఫ్లోర్ మీద టిష్యూలు పరిచి ఒక మంచి వాన పడనివ్వండి. అవి పొడిగా ఉన్నాకే క్లిప్పులు నొక్కండి.