గ్లకోమాకు లేజర్ చికిత్స: ఫలితం ఎన్నేళ్లు నిలుస్తుంది?

సభకు నమస్కారం.

గ్లకోమాకు, అంటే నీటికాసులకు, లేజర్ చేయించుకొనే ముందు ప్రతి రోగీ అడగవలసిన ప్రశ్న దాని ఫలితం ఎన్నేళ్లు ఉంటుందన్నది. కంటిలోని ద్రవం బయటికి పోయే మూల తెరుచుకొనే ఉన్నా, అక్కడి జల్లెడ వంటి కణజాలం దానిని సరిగా పోనివ్వక ఒత్తిడి పెరిగే ఓపెన్ యాంగిల్ గ్లకోమాకే నేను పరిమితమవుతాను.

1979లో వైజ్, విట్టర్ అనే వైద్యులు ఆ కణజాలంపై ఆర్గాన్ లేజర్ ప్రయోగించి ఒత్తిడి తగ్గించవచ్చని చూపారు. అయితే ఆ లేజర్ కణజాలాన్ని కాల్చి మచ్చలు మిగిల్చేది, ఫలితం ఏటేటా సన్నగిల్లేది, రెండోసారి చేస్తే ప్రయోజనం అంతగా ఉండేది కాదు. 1990లలో వచ్చిన ఎస్‌ఎల్‌టీ, అంటే సెలెక్టివ్ లేజర్ ట్రాబెక్యులోప్లాస్టీ అనే పద్ధతిలో ఒక్కో పల్స్ 3 నానోసెకన్లే ఉంటుంది కనుక, వేడి పక్కకు పాకేలోపే ముగిసి, వర్ణకం ఉన్న కణాలనే తాకుతుంది. అందుకే అవసరమైతే దీనిని మళ్లీ చేయవచ్చు.

దీర్ఘకాలిక ఫలితాలకు నేను ఎక్కువగా నమ్మే ఆధారం బ్రిటన్‌లో 718 మందితో జరిగిన లైట్ అధ్యయనం. కొత్తగా జబ్బు గానీ, అధిక ఒత్తిడి గానీ బయటపడినవారిలో కొందరికి ముందుగా ఎస్‌ఎల్‌టీ, మిగిలినవారికి చుక్కల మందు ఇచ్చారు. ఆరేళ్ల తరువాత లేజర్ పొందిన కళ్లలో దాదాపు 70 శాతం చుక్కలు గానీ, శస్త్రచికిత్స గానీ లేకుండానే లక్షిత ఒత్తిడిలో, అంటే ఆ కంటికి వైద్యులు నిర్ణయించిన పరిమితిలో, ఉన్నాయి. వీటిలో కొన్నింటికి లేజర్‌ను మళ్లీ చేయవలసి వచ్చింది. నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోచేది వేరొకటి: జబ్బు ముదిరిన కళ్లు చుక్కల వర్గంలో 26.8 శాతం కాగా, లేజర్ వర్గంలో 19.6 శాతమే, ద్రవం పోయేందుకు కొత్త దారి చేసే ట్రాబెక్యులెక్టమీ శస్త్రచికిత్స అక్కడ 32 కళ్లకు, ఇక్కడ 13 కళ్లకు అవసరమైంది. చుక్కలు వేసుకోవడం మరచిపోవచ్చు, మానేయవచ్చు. లేజర్ ప్రభావం మాత్రం రోగి జ్ఞాపకశక్తి మీద ఆధారపడదు. ఈ తేడాకు అదొక కారణమై ఉంటుందని నా అభిప్రాయం. 2022లో బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఇటువంటి రోగులలో చాలామందికి ఎస్‌ఎల్‌టీనే తొలి చికిత్సగా సూచించింది.

అయినా మిగిలిన 30 శాతాన్ని మరువరాదు. ఒత్తిడి మొదటే తక్కువగా ఉన్న కళ్లలో లేజర్ వల్ల కలిగే తగ్గుదల కూడా తక్కువే. పోయిన చూపును ఏ లేజరూ తిరిగి తేలేదు. దాని ప్రభావం తగ్గి ఒత్తిడి మళ్లీ పెరుగుతున్నప్పుడు నొప్పి గానీ, ఎరుపు గానీ సాధారణంగా కనిపించవు. కాబట్టి చుక్కలు మానినవారు కూడా వైద్యులు చెప్పిన గడువు ప్రకారం ఒత్తిడి, దృష్టి క్షేత్రం, కంటి నరం పరీక్షలు చేయించుకొంటూ, పాత ఫలితాలను ప్రతిసారీ వెంట తీసుకువెళ్లాలి. వాటితో పోల్చి చూసినప్పుడే లేజర్‌ను మళ్లీ చేయాలా, చుక్కలు మొదలుపెట్టాలా అన్నది వైద్యులు నిర్ణయించగలరు.