కిర్క్‌పాట్రిక్ ఇంటిపేరు కిట్ రివ్యూ: ఫ్రేము బాగుంది, చరిత్రకే అన్యాయం జరిగింది

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ నేను కొన్నది కాదు. ఇంటిపేర్ల చరిత్ర అచ్చేసి అమ్మే ఒక విదేశీ కంపెనీ ఫ్రీగా పంపింది. హైదరాబాద్ కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి, జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ మీద మన ఛానెల్లో ఉన్న వీడియోలు చూసి, కిర్క్‌పాట్రిక్ పేరు మీదున్న సెట్టే ఏరి పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు. బాక్సులో ఇంటిపేరు చిహ్నం ఉన్న ఫ్రేమూ, ఆ పేరు చరిత్ర చెప్పే బుక్‌లెటూ ఉన్నాయి. సైజెంత, రేటెంత అన్నవి చదవను. పేపరు మందంగా ఉంది, ప్రింటు నీటుగా ఉంది, ఫ్రేము గట్టిది. ఇక నాకు ఒళ్లు మండిన సంగతికి వచ్చేస్తా.

ఈ ఫ్రేము చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. పిడికిట్లో బాకు, దాని మొన నుంచి కారుతున్న రక్తపు చుక్కలు. దాంతోపాటు స్కాట్స్ భాషలో ఒక నినాదం, "ఖాయం చేస్తా" అని. 1306 ఫిబ్రవరిలో దక్షిణ స్కాట్లాండ్‌లోని డంఫ్రీస్ ఊళ్లో, గ్రేఫ్రయర్స్ చర్చిలో, తర్వాత స్కాట్లాండ్ రాజైన రాబర్ట్ బ్రూస్, సింహాసనానికి తన ప్రత్యర్థి అయిన జాన్ కామిన్‌ని పొడిచాడు. బయటికొచ్చి, చచ్చాడో లేదో తెలీదంటే, ఆయన మనిషి రోజర్ కిర్క్‌పాట్రిక్ ఆ మాట అని లోపలికెళ్లి పని పూర్తి చేశాడని చెప్పుకుంటారు. కథ బాగుంటుంది, కాదనను. కానీ ఫ్రేము మీద "కిర్క్‌పాట్రిక్‌లందరి కుటుంబ చిహ్నం" అని రాశారు చూశారా, అది శుద్ధ తప్పు! స్కాట్లాండ్‌లో ఇంటిపేరుకంటూ చిహ్నం ఉండదు. చిహ్నం ఒక మనిషిది. దాన్ని ఇచ్చేది లార్డ్ లయన్ కోర్టు, ఎక్కించే రిజిస్టరు 1672 నుంచి నడుస్తోంది. ఇంకొకరి చిహ్నం నాదని వాడుకుంటే అక్కడ చట్టరీత్యా నేరం. ఇదివరకు టార్టన్, అంటే స్కాటిష్ గళ్ల బట్టలు, అమ్మే దుకాణంలో కొన్న కీచెయిన్ మీదా ఇదే గోల. కీచెయిన్ కదా అని వదిలేశా. చరిత్ర పేరు చెప్పి అమ్మేదాన్ని మాత్రం వదల్లేను.

బుక్‌లెట్ అయితే ఇంకా దారుణం. మొదటి పేజీలోనే "కిర్క్‌పాట్రిక్‌లందరూ ఒకే మూలపురుషుడి సంతతి" అనేశారు. అసలు ఇది ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరండీ. పాట్రిక్ స్వామి గుడి ఉన్న ఊరని అర్థం. డంఫ్రీస్ చుట్టుపక్కలే కిర్క్‌పాట్రిక్ ఫ్లెమింగ్, కిర్క్‌పాట్రిక్ జక్స్టా, కిర్క్‌పాట్రిక్ డర్హమ్ ఉన్నాయి. ఏ ఊరి నుంచి వచ్చినవాడికైనా ఆ పేరు పడొచ్చు. తెనాలి ఇంటిపేరున్న వాళ్లంతా మా చుట్టాలే అని మనం అనుకుంటామా? డంఫ్రీస్ దగ్గరి క్లోజ్‌బర్న్‌లో కోట, ఎస్టేటు ఉన్న శాఖ పెద్దది, నిజమే. 1232లో రెండో అలెగ్జాండర్ రాజు ఐవోన్ డి కిర్క్‌పాట్రిక్‌కి ఆ భూమి రాసిచ్చాడు. 1783లో ఆ ఎస్టేటే అమ్ముడైపోయింది. పేరున్న ప్రతివాడూ ఆ కోటకి వారసుడని నమ్మించడం మాత్రం మోసం.

ఈ పేరు ఎలా పాకిందో చెప్పడానికి వీళ్లకి అరపేజీ కూడా దొరకలేదు. నాకు ప్రాణం అక్కడే ఉంది! పదిహేడో శతాబ్దంలో స్కాటిష్ కుటుంబాలు గుంపులుగా సముద్రం దాటి ఉత్తర ఐర్లాండ్‌లోని అల్‌స్టర్‌లో స్థిరపడ్డాయి. ఈ పేరూ వాళ్లతో వెళ్లింది. అక్కడ కిల్‌పాట్రిక్ అనే రూపం కూడా ఉంది, రెండూ కలగాపులగం అయ్యాయి. ఐర్లాండ్‌లోని కారిక్‌ఫెర్గస్ నుంచి జేమ్స్ కిల్‌పాట్రిక్ అనే వైద్యుడు అమెరికాలోని చార్ల్స్‌టన్ వెళ్లాడు. 1738లో మశూచి వచ్చినప్పుడు జనానికి టీకాలు వేయించాలని పోరాడాడు. తర్వాత లండన్ చేరి కిర్క్‌పాట్రిక్ అని మార్చుకున్నాడు. ఆయన మనవడే మన హైదరాబాద్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, నిజాం దర్బారులో ఆయన బిరుదు హష్మత్ జంగ్! ఇంత చక్కటి దారి కళ్లముందు ఉంటే, బుక్‌లెట్‌లో హైదరాబాద్ అన్న మాటే లేదు. అది చూసే నాకు నిజంగా బాధేసింది.

ఆ బుక్‌లెట్ పట్టుకుని కోఠీ వెళ్లా. ఆ రెసిడెన్సీ మెట్ల పక్కన రాతి సింహాలు, పైన అంతెత్తు స్తంభాలు, మీకు తెలిసినవే. జేమ్స్ హైదరాబాద్ పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాని పెళ్లాడాడు. వాళ్ల కూతురు సాహిబ్ బేగంని 1805లో, మూడేళ్ల పిల్లని, అన్నతోపాటు ఓడెక్కించి ఇంగ్లండ్ పంపారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో చనిపోయాడు. లండన్‌లో బాప్తిస్మం ఇచ్చి కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్ అని పేరు రాశారు, అందరూ కిట్టీ అనేవారు. డంఫ్రీస్ పక్క పల్లె గుడి పేరు హైదరాబాద్‌లో పుట్టిన పిల్లకి అంటుకుంది. ఒక్క వాక్యమైనా రాయాల్సింది కదండీ!

ఫ్రాన్స్ మహారాణి యూజెనీ కథ మాత్రం రాశారు. ఆమె తాత విలియం కిర్క్‌పాట్రిక్ డంఫ్రీస్ ప్రాంతం నుంచి స్పెయిన్‌లోని మలగా వెళ్లిన వైన్ వ్యాపారి. సరిగ్గానే రాశారు, ఆ పేజీకి మార్కులిస్తా.

రేటింగ్ అంటారా? పదికి మూడు, అదీ ప్రింటుకి. కొనొద్దండీ. మీ ఇంట్లోనో, విదేశాల్లో ఉన్న మీవాళ్ల అత్తవారింట్లోనో స్కాటిష్ పేరుంటే, స్కాట్లాండ్స్ పీపుల్ అని అక్కడి ప్రభుత్వ సైటు ఉంది. 1855 నుంచి జనన మరణాల రిజిస్టర్లు, అంతకుముందువి చర్చి రికార్డులు అందులో దొరుకుతాయి. ఏ ఊరు, ఏ తరం అని మీ మనుషుల్ని మీరే వెతుక్కోవచ్చు. ఎలా వెతకాలో వచ్చే వీడియోలో స్క్రీన్ మీద చూపిస్తా. మీ దగ్గర ఏ పేరుందో కింద రాయండి.