గోదాంల మిగిలిన మిర్చికి లెక్క కట్టుడెట్ల?

[తెరపై: కాంటా మీద మిర్చి బస్తా]

అన్నా, అక్కా, నమస్తే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి కొని అమ్ముకునే చిన్న వ్యాపారి లెక్క చూద్దాం. రేట్లు లెక్క కోసం నేను పెట్టినవే.

ఏప్రిల్ 1న గోదాంల 10 క్వింటాళ్ల పాత సరుకుంది. క్వింటాల్ 14,000 చొప్పున 1,40,000 రూపాయలు. తర్వాత 16,800 లెక్కన ఇంకో 20 క్వింటాళ్లు కొన్నడు. హమాలీ, బండి కిరాయి 4,000 అయింది. దీన్ని చాలామంది చిల్లర ఖర్చుల్ల రాస్తరు. అట్ల రాయొద్దు. సరుకు గోదాం చేరేదాకా అయిన ఖర్చు సరుకు ధరలనే కలవాలె. అప్పుడు కొత్త మిర్చి క్వింటాల్‌కు 17,000 పడ్డట్టు. పాతది, కొత్తది కలిపి 30 క్వింటాళ్లు, 4,80,000.

మార్చి 31 నాటికి 22 క్వింటాళ్లు అమ్ముడుపోయింది. అమ్మనిది ఖర్చు కాదు, అది ఇంకా మన ఆస్తే.

[తెరపై: ప్రారంభ సరుకు + కొనుగోళ్లు − ముగింపు సరుకు = అమ్మిన సరుకు ఖర్చు]

మిగిలిన 8 క్వింటాళ్లకు ఏ రేటు కట్టాలె? ముందొచ్చింది ముందు పోయిందనుకుంటే, అంటే ఫిఫోల, మిగిలింది కొత్త సరుకే: 1,36,000. అమ్మినదాని ఖర్చు 3,44,000. సగటు రేటు 16,000 పెడితే మిగిలింది 1,28,000, ఖర్చు 3,52,000. ఒక్క బస్తా కదలకుండనే లాభంల 8,000 తేడా! అందుకే పట్టుకున్న పద్ధతిని ఏటేటా మార్చొద్దు. చివరొచ్చింది ముందు పోయిందనే లిఫోను మన దేశంల సరుకు విలువ కట్టే నియమం, అకౌంటింగ్ స్టాండర్డ్ 2, ఒప్పుకోదు.

రేట్లు పెరిగే ఏడు ఫిఫో లాభం ఎక్కువ చూపిస్తది. అదంతా ఇంట్ల వాడుకుంటే మళ్లీ సరుకు నింపేటందుకు పైసలు చాలవు. ఇది నా గట్టి మాట.

మరి మార్చి 31న అమ్మకం ఖర్చులు పోను క్వింటాల్‌కు 15,000 మాత్రమే వచ్చేటట్టుంటే? కొన్న ధర, చేతికొచ్చే ధర, రెండిట్ల తక్కువదే రాయాలె. ఫిఫోల 1,36,000 కాస్త 1,20,000 అయితది. ఆ 16,000 నష్టం ఈ ఏడు లెక్కలనే పడాలె.

[తెరపై: కాంటా ముల్లు దగ్గరగా]

ఆఖరుకు తూకం. పుస్తకంల 8 క్వింటాళ్లుంటే కాంటా మీద 7 క్వింటాళ్ల 80 కిలోలు రావచ్చు. ఎండిన మిర్చికి తరుగుంటది. కాంటా చూపిందే రాయండి, ఆ 20 కిలోలు అమ్మిన సరుకు ఖర్చులకు వాటంతటవే పోతయి. క్వింటాలుకు క్వింటాలే తక్కువొస్తే మాత్రం తరుగని సరిపెట్టుకోవద్దు, అమ్మిన చీటీలు ఒక్కొక్కటి మళ్ల తిరగేయండి.