లింక్స్ గోల్ఫ్: ఇసుక నేలే ఆట ఆడిస్తుంది

[తెర మీద: సూర్యలంక బీచ్, పక్కన సరుగుడు తోట]

నమస్తే. ఏటా జులైలో టీవీలో ది ఓపెన్ గోల్ఫ్ వస్తుంది. చూసేవాళ్లకు మొదట వచ్చే డౌట్ ఒకటే: ఇంత పెద్ద టోర్నమెంటుకు ఈ ఎండు గడ్డేంటి? చెట్టు లేదు, నీడ లేదు, పైగా ఈడ్చి కొట్టే గాలి!

దీన్ని లింక్స్ కోర్సు అంటారు. 1860లో స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో మొదలైనప్పటి నుంచి ఓపెన్‌ను ఇలాంటి నేల మీదే ఆడుతున్నారు. సముద్రానికీ సాగుభూమికీ మధ్య మిగిలిపోయిన ఇసుక దిబ్బల పట్టీ ఇది. పంటకు పనికిరాదని గొర్రెలకు వదిలేశారు. గాలికి తట్టుకోలేక గొర్రెలు ఒదిగి పడుకున్న గుంటలే తర్వాత బంకర్లు, అంటే కోర్సులో బంతికి అడ్డుపడే ఇసుక గుంటలు, అయ్యాయని అక్కడివాళ్లు చెబుతారు.

[తెర మీద: వాన తర్వాత గుంటూరు పత్తిచేను, ఆ వెంటనే సూర్యలంక ఇసుక]

అసలు కిటుకు ఈ మట్టిలోనే ఉంది. వాన పడ్డాక మన నల్లరేగడి చేలో కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. అదే సూర్యలంకలో నీళ్లు పడ్డవి పడ్డట్టే ఇంకిపోతాయి. లింక్స్ నేలా అంతే. దాని మీద సన్నటి ఫెస్క్యూ గడ్డి పొట్టిగా పెరుగుతుంది. నేల గట్టిగా ఉంటుంది కాబట్టి బంతి పడ్డచోట ఆగదు, దొర్లుకుంటూ పోతుంది.

[తెర మీద: ఆటగాడి కాళ్లు, బంతి, క్లబ్ దగ్గరగా]

అందుకే ఇక్కడ బంప్ అండ్ రన్ షాట్ ఎక్కువ. బంతిని వెనక కాలి వైపు పెట్టుకుంటారు. చేతులు బంతి కంటే కాస్త ముందుంటాయి. స్వింగ్ చిన్నది. బంతి మోకాలెత్తున లేచి, గ్రీన్‌కు, అంటే బంతి వేయాల్సిన గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చికకు, చాలా ఇవతలే పడి, ఎత్తుపల్లాలు చూసుకుంటూ జెండా వైపు పాకుతుంది. పైకి లేపి కొడితే గాలి ఎటు తీసుకెళ్తుందో చెప్పలేం. నాకైతే ఆకాశానికి కొట్టే షాట్ల కంటే ఇదే చూడముచ్చటగా ఉంటుంది.

సముద్రం కనిపిస్తే చాలు లింక్స్ అనుకోకండి. అమెరికాలోని పెబుల్ బీచ్ పేరులో లింక్స్ ఉంది, అందమూ ఉంది. కానీ అది కొండచరియల మీద ఉంది కాబట్టి పాతకాలపు గోల్ఫ్ అభిమానులు ఒప్పుకోరు.

[తెర మీద: సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు మ్యాప్]

ఇక అసలైన చోటు, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు. ఒకప్పుడు ఇక్కడ రౌండుకు 22 హోల్స్, అంటే ఒక ఆటలో బంతి వేయాల్సిన గుంతలు 22. 1764లో వాటిని 18 చేశారు. తర్వాత ప్రపంచమంతా ఆ లెక్కే పట్టుకుంది. కోర్సు ఒక కొస దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. పోయేటప్పుడు వీపు తట్టిన గాలి, తిరిగొచ్చేటప్పుడు మొహం మీదే కొడుతుంది. ఏడు గ్రీన్ల మీద రెండేసి జెండాలుంటాయి. ఆ రెండు హోల్స్ నంబర్లు కూడితే ఎప్పుడూ 18 వస్తుంది. పిల్లలకు చూపించండి, సరదా పడతారు.

[తెర మీద: 17వ హోల్, రోడ్ బంకర్]

పాట్ బంకర్ అంటే చిన్న నోరు, లోతైన గొయ్యి. గోడ పచ్చికబిళ్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది, దాదాపు నిట్టనిలువు. బంతి గోడకు ఆనుకుంటే ఒక్కోసారి వెనక్కి కొట్టుకోవడమే మార్గం. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా ఈ 17వ హోల్‌లో రెండు షాట్లకే గ్రీన్ ఎక్కాడు. తర్వాత కొట్టిన పుట్ (గ్రీన్ మీద బంతిని మెల్లగా దొర్లించే షాట్) వాలు వెంట జారి ఈ బంకర్‌లో పడింది. బయటపడటానికి నాలుగు షాట్లు పట్టాయి. నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్‌కు 9 రాసుకున్నాడు, పాపం!

ఇప్పుడు మనవాళ్లకు పనికొచ్చే మాట. పిల్లలు ఎడిన్‌బరోలో చదువుతుంటే చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు మన బెజవాడ, గుంటూరుల్లోనూ ఉన్నారు. అక్కడి నుంచి లూకర్స్ దాకా రైలు, ఆపైన సెయింట్ ఆండ్రూస్‌కు బస్సు. మామూలుగా ఆదివారం ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు. ఊరివాళ్లు కుక్కల్ని తీసుకుని అక్కడే షికారు చేస్తారు. మీరూ టికెట్ లేకుండా నడవొచ్చు. ఆడాలనుంటే వేరే రోజు చూసుకుని ముందుగా లాటరీలో పేరు ఇవ్వాలి. ఎండాకాలమే కదా అని జాకెట్ ఇంట్లో వదిలి వెళ్లకండి.