చెవిపోటుకు మెడ తిప్పుతారా?

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసింది. మూడేళ్ల మనవరాలికి జలుబు, కాస్త జ్వరం. రాత్రంతా కుడిచెవి పట్టుకుని ఒకటే ఏడుపట. "నాన్నా, పక్కింటావిడ కైరోప్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమంటోంది. మెడ దగ్గర ఎముక సర్దితే చాలట, యాంటీబయాటిక్ అక్కర్లేదట" అంది. కైరోప్రాక్టర్ అంటే వెన్నుపూసల్ని చేత్తో నొక్కి, సర్ది వైద్యం చేసేవాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టుంది అన్నాను. కానీ ఆ ముడి ఎవరు వేశారో తర్వాత చదివితే తెలిసింది.

1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన ఉండేవాడు. అయస్కాంత వైద్యం చేసేవాడు. ఆ భవనంలోనే శుభ్రం చేసే పని చేసే హార్వే లిల్లార్డ్‌కు చాలా ఏళ్లుగా వినికిడి సరిగా లేదు. అతని వెన్నుపూసలో ఒకటి పక్కకు జరిగిందని, దాన్ని నొక్కి సరిచేస్తే వినికిడి తిరిగొచ్చిందని పామర్ చెప్పుకున్నాడు. కైరోప్రాక్టిక్ అక్కడే పుట్టింది. అంటే చెవితోనే మొదలైంది! చిక్కేమిటంటే, వినికిడి నరం చెవి నుంచి పుర్రె లోపలి దారినే మెదడుకు పోతుంది. వెన్నుపూసల వైపు రాదు.

మరి పిల్లలకు చెవిపోటు ఎందుకొస్తుంది? చెవి లోపలి నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏటవాలుగా ఉంటుంది, చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే వాచి మూసుకుపోతుంది. కర్ణభేరి వెనక నీరు చేరి, చీము పడుతుంది. పిల్ల పెరిగేకొద్దీ గొట్టమూ పొడవై ఏటవాలవుతుంది, చెవిపోట్లూ తగ్గుతాయి.

ఇంకో సంగతి. ఈ చెవిపోట్లలో ఎక్కువ భాగం రెండుమూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. అందుకే రెండేళ్లు దాటి, నొప్పి కొద్దిగా, జ్వరం 102 లోపే ఉన్న పిల్లలకు వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వకుండా, నొప్పికి మందిచ్చి రెండుమూడు రోజులు కనిపెట్టి చూడవచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘమే 2013లో చెప్పింది. ఆ రెండు రోజుల్లో మెడ సర్దించామనుకోండి, పేరు మెడ సర్దినవాడికే వస్తుంది. తాయెత్తు కట్టించి ఉంటే తాయెత్తుకు వచ్చేది. సరైన పరీక్షల్లో మాత్రం మెడ సర్దడం వల్ల చెవి ఇన్ఫెక్షన్ నయమవుతుందని తేలలేదు.

ఇలాంటి మాట రాసినందుకే బ్రిటన్‌లో సైమన్ సింగ్ అనే సైన్సు రచయితపై అక్కడి కైరోప్రాక్టర్ల సంఘం 2008లో పరువునష్టం దావా వేసింది, 2010లో వెనక్కి తీసుకుంది. ఆస్ట్రేలియాలో రెండు వారాల పసికందుకు వెన్ను సర్దుతున్న వీడియో బయటికొచ్చి గొడవైంది. పసిపిల్లల మెడ ఎంత మెత్తన! ఒళ్లోకి తీసుకునేటప్పుడే చెయ్యి అడ్డం పెడతాం కదా.

మన వాళ్లేం తక్కువ తినలేదు. కాచిన నూనె, ఉల్లిరసం చెవిలో పోస్తారు. చీము కారుతుంటే చుక్క కూడా వేయకండి. ఆరు నెలల లోపు బిడ్డయినా, చెవి వెనక వాచినా, మెడ బిగిసినా, పిల్ల మత్తుగా పడి ఉన్నా, రాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తండి. పాలసీసా పడుకోబెట్టి పట్టకండి. ఇంట్లో సిగరెట్టు తాగే పెద్దమనుషులుంటే వీధిలోకి తోలండి.

మా మనవరాలిని పిల్లల డాక్టరు చూసి, నొప్పికి పారాసెటమాల్ రాసి, రెండు రోజులు ఆగుదామన్నారు. మూడోనాడు పొద్దున్నే లేచి దోసె అడిగిందట. పక్కింటావిడ సంబరపడిపోయి, "ఏ కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లారు?" అందట.