ఇక నర్సింగేనా?

నమస్కారం. ఎంబీబీఎస్ సీటు కోసం రాసే నీట్ ఫలితాలు వచ్చిన రోజు రాత్రి నా ఫోనుకు విశ్రాంతి ఉండదు. ఏటా ఇదే తంతు. ఈసారి మా పిన్ని వాళ్ల వీధిలో అమ్మాయి. పలకరింపు కూడా లేదు. "అక్కా, మార్కులు చాలలేదు. ఇక నర్సింగేనా?" అంది.

ఆ ‘నర్సింగేనా’ విన్నారా? హోటల్లో పూరీ అయిపోయిందంటే "ఇడ్లీయేనా?" అంటామే, అదే దీర్ఘం, అదే నిట్టూర్పు. 14 ఏళ్లు వార్డులో పనిచేసి, ఇప్పుడు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. కోపం రావాలి కదా? రాలేదు. 18 ఏళ్ల వయసులో నేనూ ఇదే మాట, ఇదే దీర్ఘంతో అన్నాను.

ముందు లెక్క చూసేద్దాం. నీట్ రాసేవాళ్లు 20 లక్షల పైమాటే. దేశమంతా కలిపి ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అందులో సగం దాకా ప్రైవేటు కాలేజీలవి. మన రెండు రాష్ట్రాల్లో బీ కేటగిరీ, అంటే యాజమాన్య కోటా సీటంటే ఏడాదికి 10 లక్షలు దాటుతుంది. చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది హౌస్‌సర్జన్సీ, అంటే ఆస్పత్రిలో శిక్షణ. అక్కడితో ఆగేవాళ్లు ఇప్పుడు తక్కువ. పీజీకి మళ్లీ ప్రవేశ పరీక్ష, మరో 3 ఏళ్లు. గుండె, కిడ్నీ, మెదడు వంటి సూపర్ స్పెషాలిటీ కావాలంటే ఇంకో 3 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ మొత్తం 4 ఏళ్లు. 22 ఏళ్లకు జీతం అందుకోవచ్చు.

ఎంత జీతం? ఇక్కడే చాలామంది తీపి మాటలు చెబుతారు. నేను చెప్పను. నా మొదటి ఉద్యోగం ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు ఆస్పత్రిలో. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో పెట్టుకుని, రెండేళ్లు మానేయనని బాండు రాయించుకుని, వాళ్లు ఇచ్చిన జీతం గది అద్దెకూ మెస్సుకూ మాత్రమే సరిపోయేది. 2016లో, సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పాటైన కమిటీ, 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా నర్సుకు నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీద చక్కగా ఉంది. మీ ఊళ్లోని నర్సింగ్ హోములో ఎవరినైనా అడిగి చూడండి, వాళ్ల నవ్వే సమాధానం.

ప్రభుత్వ ఉద్యోగం వస్తే కథ వేరు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లతో సహా ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసరు ఉద్యోగానికి నార్‌సెట్ అనే పరీక్ష ఉంది. మూల వేతనమే నెలకు 44,900. 2024 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులు ఒకేసారి నియామక పత్రాలు అందుకున్నారు. అలాంటి రోజు ఏటా రాదు, నిజమే. విదేశాల మాటకొస్తే అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్ష, జర్మనీకి జర్మన్ భాష. ఆ వివరాలకు మరో వీడియో కావాలి.

డబ్బు, ఏళ్లు అయిపోయాయి. అసలు విషయం పనిలో ఉంది. దాని గురించి ఎవరూ అడగరు.

ఒక రాత్రి చెబుతాను. సర్జరీ వార్డు. అంతకుముందు రోజు కడుపుకు ఆపరేషన్ అయిన పెద్దాయన. సాయంత్రమంతా తన మిరప చేను గురించి వార్డంతటికీ కథలు చెప్పిన మనిషి. రాత్రి ఒంటిగంటకు బీపీ చూశాను, పరవాలేదు. నాడి కాస్త వేగంగా ఉంది. కానీ ఆయన మాట్లాడటం లేదు. దుప్పటి అంచును వేళ్లతో పీకుతున్నారు. మూత్రం సంచిలో గంట క్రితం ఉన్నంతే ఉంది. డ్యూటీ డాక్టరుకు ఫోను చేశాను. "బీపీ బాగానే ఉందన్నారుగా సిస్టర్" అన్నారు. పదిహేను నిమిషాలకు మళ్లీ చేశాను, విసుక్కున్నారు. మూడోసారి వచ్చారు. అప్పటికి బీపీ దిగుతోంది. డాక్టరు ఆ పెద్దాయన పొట్ట మీద చెయ్యి వేసి చూసి, రెండు ప్రశ్నలు అడిగి, లోపల రక్తస్రావం అన్నారు. పెద్ద డాక్టరును లేపారు, రక్తం తెప్పించారు, అరగంటలో పేషెంటు థియేటర్లో ఉన్నారు.

ఈ కథ చెబితే మా విద్యార్థులు చప్పట్లు కొడతారు, నర్సే గెలిచిందని. వద్దంటాను. ఆ మనిషి మామూలుగా లేడని నాకు తెలిసింది. ఎందుకు లేడో తేల్చడం, కత్తి పట్టాలా వద్దా అని ఆ నిమిషంలో నిర్ణయించడం, తప్పయితే ఆ భారం మోయడం, అవన్నీ ఆ డాక్టరువి. నా చదువు నాకు అది నేర్పలేదు, నేర్పడం దాని ఉద్దేశమూ కాదు. ఆయనకేమో ఆ పెద్దాయన మిరప చేను సంగతి తెలియదు. రౌండ్సులో పడకకు మూడు నాలుగు నిమిషాలు దొరికే మనిషికి ఎలా తెలుస్తుంది?

కాబట్టి నర్సంటే సగం డాక్టరు కాదు. నర్సింగ్ చేసి తర్వాత డాక్టరు అవుదామనుకునేవాళ్లు కూడా వినండి. అలాంటి పక్కదారి మన దేశంలో లేదు. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసినా మళ్లీ నీట్ రాసి మొదటి ఏడాదిలో కూర్చోవలసిందే. 2022 నుంచి గరిష్ఠ వయసు నిబంధన తీసేశారు కనుక రాయడానికి అభ్యంతరం లేదు, అంతే.

ఇంకో తేడా. రోగిని ముట్టుకోవడం ఇష్టం లేని ఎంబీబీఎస్‌లకు పాథాలజీ ఉంది, మైక్రోబయాలజీ ఉంది, ల్యాబులో పని. నర్సింగ్‌లో అలా తప్పించుకునే దారులు దాదాపు లేవు. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, కఫం తీయాలి, బెడ్‌పాన్ పెట్టాలి. వీటికి మీ మనసు ఒప్పుకోకపోతే 44,900 కూడా చాలదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. "పోయిన ఏడాది మీ తాతయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు నువ్వు దగ్గరే ఉన్నావు కదా. అక్కడ ఏం చూస్తూ కూర్చున్నావు?" అని అడిగాను. ఆలోచించి చెప్పింది. "డాక్టరు గారు స్కాన్ ఫిల్ము వెలుతురులో పెట్టి చూసేవారు అక్కా. అందులో ఏం కనిపిస్తోందో నాకూ తెలియాలనిపించేది."

"అయితే నర్సింగ్‌లోకి రావద్దమ్మా" అన్నాను. అవతల నిశ్శబ్దం. మీ నాన్నగారు ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఒప్పుకుంటే నీట్ మళ్లీ రాయి, లేదంటే ఇమేజింగ్ టెక్నాలజీ, ల్యాబ్ టెక్నాలజీ కోర్సులు చూడు, నీ కుతూహలం అటు ఉంది అన్నాను. మరి తాతయ్యకు తడిసిన దుప్పట్లు మార్చింది ఎవరని అడిగితే, తమ్ముడట. ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు.

ఫోను స్పీకర్లో ఉన్నట్టుంది. వెనక నుంచి ఒక గొంతు, కాస్త బెరుకుగా: "అక్కా, నర్సింగ్‌లో అబ్బాయిలకు సీట్లు ఉంటాయా?"

కాలేజీని బట్టి ఉంటాయని, వార్డులో సిస్టర్ బదులు బ్రదర్ అని పిలుస్తారని చెప్పాను. నవ్వాడు. ఫీజుల వివరాలు రేపు పంపిస్తానన్నాను.