కెమెరా మూసి చూసిన ఆకాశం

అందరికీ నమస్కారం. మీ తెర నల్లగా ఉందని ఫోను పాడైందేమో అనుకోకండి. నేను తీయగలిగింది ఇంతే. ప్లానెటేరియంలో, అంటే గుమ్మటం లోపలివైపు చుక్కల ఆకాశాన్ని చూపించే గదిలో, అడుగుపెట్టగానే చెప్పే మొదటి మాట, ఫోన్లు ఆపేయమని. చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి కంటికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎవరి ఫోనైనా వెలిగిందంటే పక్కవాళ్ల కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. కాబట్టి ఈరోజు చూపించడం లేదు, చెబుతాను, వినండి.

ఇక్కడ అమెరికాలో, మా యూనివర్సిటీవాళ్లు నెలకోసారి జనం కోసం వేసే షో ఇది. ప్రవేశం ఉచితం. ఉచితమే కదా అని తీరిగ్గా బయలుదేరితే మాత్రం మా గతే పడుతుంది. గుమ్మటం చిన్నది, సీట్లు కొన్నే, ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. పోయిన నెల పార్కింగ్ వెతుక్కుని చేరేసరికి నాలుగు నిమిషాలు ఆలస్యం. తలుపు తీస్తే వరండా వెలుతురు లోపల పడుతుంది కాబట్టి ఇక తీయరు. కోపమైతే వచ్చింది గానీ తప్పు మాదే. ఈసారి అరగంట ముందే వెళ్లి కూర్చున్నాం: నేను, మా ఆయన, పాప, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు.

మా ఆయనకు ఉచితమంటే అనుమానం. షో నడిపే అమ్మాయిని ఆ మాటే అడిగేశారు. ఆమె అక్కడే ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. పగలు ఈ గది విద్యార్థుల పాఠాలకట, సాయంత్రం ఖాళీగా ఉండే గుమ్మటాన్ని నలుగురికీ చూపిస్తే తమకూ మాట్లాడటం అలవాటవుతుందట. 1957లో సోవియట్ యూనియన్ మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుట్నిక్‌ను పంపాక అమెరికా ఉలిక్కిపడి, మరుసటి ఏడాదే సైన్సు చదువులకు డబ్బిచ్చే చట్టం చేసింది. ఆ ఊపులోనే ఎన్నో బడులకూ కాలేజీలకూ ఇలాంటి గుమ్మటాలు వచ్చాయి.

ముందు మామూలు రాత్రి చూపించింది. ఊరి వెలుగుల్లో ఓ ఇరవై చుక్కలు, అంతే. తర్వాత "ఇప్పుడు ఊరి దీపాలు ఆర్పేస్తున్నాను" అని మీట తిప్పింది. గది మొత్తం ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో మా అత్తయ్యగారు, "అదిగో గొల్లకావడి! దానికి పైన, ఆ పక్కన పిల్లలకోడి!" అని గట్టిగా అనేశారు. నేను సిగ్గుతో కుర్చీలో కూరుకుపోయాను. ఆ అమ్మాయి మాత్రం లేజర్ చుక్కను అక్కడే ఆపి, ఆమె ఏమన్నారో చెప్పమంది. ఒరయన్ అనే వేటగాడి నక్షత్రమండలంలో నడుము పట్టీలాంటి మూడు చుక్కలు మనకు గొల్లవాడి భుజం మీది కావడి అని, ప్లియడీస్ అనే చుక్కల గుంపు పిల్లల్ని వెంటేసుకున్న కోడి అని చెప్పాను. ఆ కోడి నుంచి బయలుదేరిన వెలుగు మనల్ని చేరడానికి సుమారు 440 ఏళ్లు పడుతుందని ఆమె చెప్పింది.

దాంతో అత్తయ్యగారికి ధైర్యం వచ్చింది. "అమ్మాయీ, ఇక్కడ ధ్రువుడు ఇంత పైన ఉన్నాడేమిటో అడుగు" అన్నారు.

నాకు ఎప్పుడూ తట్టని ప్రశ్న. మనం ఎన్ని డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంటే ధ్రువ నక్షత్రం దిగంతానికి దాదాపు అన్ని డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మేముండేది 42 దగ్గర. "మీవైపు ఎంత?" అంది ఆ అమ్మాయి. 16 అన్నాను. ఏదో నొక్కింది. గుమ్మటమంతా ఒక్కసారిగా ఒరిగింది. కదిలింది చుక్కలేనని తెలిసినా కడుపులో తిప్పినట్టయింది, పాప నా చెయ్యి పట్టేసుకుంది. ధ్రువుడు కిందికి దిగిపోయి తలుపు పైకి వచ్చి ఆగాడు. దక్షిణాన, అంతవరకూ ఏమీ లేనిచోట, పెద్ద చుక్క ఒకటి పైకి వచ్చింది.

"అగస్త్యుడు" అన్నారు అత్తయ్యగారు, ఈసారి మెల్లగా. సుమారు 37 డిగ్రీలకు ఉత్తరాన ఉన్నవాళ్లకు ఆ నక్షత్రం ఎప్పటికీ ఉదయించదు. పదకొండేళ్లుగా ఇక్కడున్నాను, అది లేదన్న సంగతే గమనించలేదు.

షో అయ్యాక మేడమీద టెలిస్కోపులో చూపించాల్సింది, మబ్బు పట్టి రద్దయింది. వచ్చే నెల షో శుక్రవారం. అత్తయ్యగారి విమానం అంతకు ముందురోజే. కారెక్కి బెల్టు పెట్టుకుంటూ, "ఒరేయ్, ఆ టికెట్టు రెండు రోజులు వాయిదా వేయడానికి ఎంతవుతుందిరా?" అని మా ఆయన్ని అడిగారు.